ఇరవై రెండు కిలోల అబద్ధం

మా అత్తగారి లెక్కలో నేను ఎప్పుడూ చిక్కిపోయే ఉంటాను. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆ లెక్క మారలేదు. మొన్న జనవరిలో మ్యూనిక్ విమానాశ్రయంలో ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "అల్లుడుగారు సగమైపోయారేమిటే అమ్మాయ్" అన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. అప్పటికి నేను 88 కిలోలు. పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు 66. ఆ సగం మనిషే వాళ్ళ రెండు పెట్టెలూ ఎత్తి కారులో పెట్టాడు.

అసలు గొడవ అంతకు రెండు నెలల ముందే మొదలైంది. మ్యూనిక్‌లో చలి మొదలయ్యేసరికి ఆఫీసులో కాఫీ మిషను దగ్గర ఒకటే పలకరింపు: ఈసారి స్కీయింగుకి ఎక్కడికి? మన వైపు "సంక్రాంతికి ఊరెళ్తున్నారా" అన్నట్టు. వెళ్ళట్లేదంటే ఇంట్లో ఏదో అశుభం జరిగిందేమో అన్నట్టు చూస్తారు. ఎనిమిదేళ్ళ పాటు మోకాలి నొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. ఈ ఏడు మావాడు బడివాళ్ళ స్కీ శిబిరానికి వెళ్ళొచ్చి, "మా క్లాసులో స్కీయింగు రాని నాన్న నువ్వొక్కడివే" అనేశాడు. ఇంక మోకాలు పనిచెయ్యలేదు.

ఫిబ్రవరిలో ఇక్కడ బవేరియాలో బళ్ళకి ఫాషింగ్ (కార్నివాల్ పండగ) సెలవులు, ఒక వారం. ఆ వారానికి ఇక్కడివాళ్ళు ఎండాకాలంలోనే గదులు పట్టేసుకుంటారు. నేను నవంబరులో ఎక్సెల్ షీటు తెరిచాను. పిల్లాడికి మంచు కావాలి. మా ఆవిడకి కొండల ముందు నించుని ఫోటోలు కావాలి. మామగారికి మోకాళ్ళు, నావి కాదు, నిజమైన నొప్పి ఉన్న మోకాళ్ళు. ఆయనకి వేణ్ణీళ్ళు కావాలి. అత్తగారికి చలి ఉండకూడదు. మంచు ఉండాలి, చలి ఉండకూడదు అని నెట్‌లో వెతికితే ఏమొస్తుందో మీరూ ఓసారి ప్రయత్నించండి.

నాకు వచ్చింది బాడ్ గాస్టైన్. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దాటాక, ఆల్ప్స్ లోయలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. పైన కొండల నిండా స్కీయింగు వాలులు, కింద భూమిలోంచి 46 డిగ్రీల దాకా వేడిగా ఉబికే ఊటలు. ఊరి నడిబొడ్డున 341 మీటర్ల జలపాతం మూడు అంచెలుగా దూకుతుంది, దాని రెండు వైపులా పాతకాలపు హోటళ్ళు అట్టపెట్టెలు పేర్చినట్టు నిలువునా ఉంటాయి. జర్మనీ చక్రవర్తి మొదటి విల్హెల్మ్ నుంచి సిగ్మండ్ ఫ్రాయిడ్ దాకా ఎందరో ఈ నీళ్ళలో మునిగి తేలినవాళ్ళే.

వీడియో కాల్‌లో ఊరి పేరు చెప్పాను.

"పేరులోనే బ్యాడ్ ఉందే" అన్నారు అత్తగారు.

"జర్మన్‌లో బాడ్ అంటే స్నానం అత్తయ్యా."

"స్నానానికి మూడున్నర గంటలు రైల్లోనా? మీ ఇంట్లో గీజరు పాడైందా బాబూ?"

మామగారు రాజమండ్రిలో సోషల్ మాష్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఊరు తెలియకపోయినా ఒప్పందం తెలుసు. "గాస్టైన్ ఒప్పందం, 1865. ఆస్ట్రియా, ప్రష్యా కూర్చుని రెండు సంస్థానాలు పంచుకున్నాయి. మరుసటేడే యుద్ధం చేసుకున్నాయి" అని, కాస్త ఆగి, "వేణ్ణీళ్ళ ఊళ్ళో రాసుకున్న కాగితం కదా, చల్లారేదాకానే" అన్నారు. అక్కడితో ఊరు ఖాయమైంది.

తరవాత బస. నేను షీటు చూస్తూ గట్టిగా చదివాను: "ఈ హోటల్లో హాల్బ్ పెన్షన్ అంట, బాగుంది."

అవతల నిశ్శబ్దం. తెర మీద మామగారి ముఖం దగ్గరికి వచ్చింది. "అల్లుడుగారూ, మేం ఆ దేశం వస్తే పెన్షన్ సగానికి కోస్తారా?"

పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ గది అద్దెలోనే కలిపితే దాన్ని ఇక్కడ సగం పెన్షన్ అంటారనీ, మధ్యాహ్నం భోజనం కూడా పెడితే పూర్తి పెన్షన్ అనీ అరగంట చెప్పాను. ఆయన అంతా విన్నారు. విని, "ఎందుకొచ్చిన గొడవ బాబూ, పెన్షను మాట ఎక్కడా లేని చోటు చూడండి" అన్నారు. అందుకని వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకున్నాం. అత్తగారు ఆ క్షణం నుంచి ప్రయాణానికి సుముఖులయ్యారు.

ఆ లోయలోనే, బోక్‌స్టైన్ దగ్గర, కొండలోపల ఒక సొరంగం ఉంది. 1940ల్లో బంగారం కోసం తవ్వారు. బంగారం దొరకలేదు గానీ లోపల ఉక్కపోతలో పనిచేసిన కార్మికులకి కీళ్ళనొప్పులు తగ్గాయట. ఇప్పుడు ముందు డాక్టరు చూసి సరేనన్నాక, చిన్న రైల్లో కొండలోపలికి తీసుకెళ్ళి పడుకోబెడతారు. ఆ గాలిలో ఉండేది రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు. మామగారి మోకాళ్ళ కోసం దానికి ప్రత్యేకంగా ఒక గడి పెట్టాను. రేడాన్ అనగానే ఆయన చెయ్యి అడ్డం ఊపారు. "నేను సోషల్ మాష్టార్నే గానీ, స్టాఫు రూములో నా పక్క కుర్చీ సైన్సు మాష్టారిదే."

ఆ గడి కొట్టేశాను. మా ఆవిడ ఇంకో గడికి ఎర్ర రంగు వేసింది. ఇక్కడి స్నానశాలల్లో ఈతకొలను వైపు అందరూ ఈతదుస్తుల్లో ఉంటారు, సౌనా అనే వేడి గదుల వైపు మాత్రం ఎవరికీ ఏవీ ఉండవు. ఆడా మగా తేడా లేదు, అది అక్కడి పద్ధతి, వాళ్ళకేమీ అనిపించదు. ఎర్ర గడిలో ఆమె రాసింది రెండే మాటలు: "నాన్న - వద్దు."

ఇక ఆ ఫారం. ప్రయాణానికి వారం ముందు, స్కీలు అద్దెకిచ్చే దుకాణానికి ఆన్‌లైన్లో వివరాలు పంపాలి. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, నా వెనక అత్తగారు వెల్లుల్లి ఒలుస్తూ, పక్కన మామగారు జనాభా లెక్కల డ్యూటీకి వచ్చినట్టు ఒక్కో ప్రశ్నా పైకి చదువుతూ. "ఎత్తు." చెప్పాను. "వయసు." చెప్పాను. "పాదం పొడవు." స్కేలు తెచ్చి కొలిచాం. "స్కీయింగులో అనుభవం." ఏమీ లేదని నిజమే రాశాను. "బరువు."

వెల్లుల్లి ఒలిచే చప్పుడు ఆగింది.

అప్పుడు నా స్థానంలో ఎవరున్నా ఏం చేసేవారో చెప్పండి. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి పక్కింటి జర్మన్ ముసలావిడకి కూడా సైగలతో "మా అల్లుడు చిక్కిపోయాడు" అని చెప్తున్నారు. పొట్ట మీద చెయ్యిపెట్టి లోపలికి నొక్కి చూపిస్తున్నారు. ఇప్పుడు నేను 88 అని రాస్తే పెద్దావిడ మాట ఏం కావాలి? నా వేళ్ళు వాటంతటవే 66 కొట్టాయి. "చూశారా" అన్నారు అత్తగారు మామగారితో, "నేను చెప్పలా?"

ఆ ప్రశ్న ఎందుకడిగారో నాకు తెలిస్తే ఒట్టు. స్కీకీ బూటుకీ మధ్య బైండింగ్ అని ఒక కొక్కెం లాంటిది ఉంటుంది. మామూలుగా గట్టిగా పట్టుకోవాలి, పడినప్పుడు మాత్రం కాలు విరగకుండా బూటుని వదిలెయ్యాలి. ఎంత బలానికి వదలాలన్నది ఒక మరతో బిగిస్తారు. ఆ లెక్క మన బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, అనుభవం చూసి కడతారు. నేను కాలి ఎముక గురించిన ప్రశ్నకి అత్తగారి మర్యాద గురించి జవాబు రాశాను.

దుకాణంలో చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న పొడుగాటి కుర్రాడు కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. "జెక్స్ ఉంట్ జెష్‌ట్సిష్?" అన్నాడు. జర్మన్‌లో అంకెలు తలకిందులుగా పలుకుతారు, ముందు ఒకట్లు, తరవాత పదులు. మేం వచ్చిన కొత్తలో ఎన్ని పొరపాట్లు ఆ వంక మీద తోసేశామో. కానీ 66ని ఎటునుంచి చదివినా 66యే. అత్తగారు పక్కనే శాలువా కప్పుకుని నించున్నారు. "యా" అన్నాను. అతను భుజాలెగరేసి, మర తిప్పి, సంతకం పెట్టించుకున్నాడు.

ఆంగర్టాల్ అని, నేర్చుకునేవాళ్ళకి మెత్తటి వాలు ఉన్న చోటు. స్కీ బూట్లు వేసుకుని నడవడమంటే రెండు కాళ్ళూ రెండు సిమెంటు కుండీల్లో పాతుకుని నడవడమే. బెల్టు లాంటి దాని మీద నిలబడితే అది పైకి మోసుకెళ్ళింది. అక్కడిదాకా నేను స్కీయింగు వీరుణ్ణే.

కిందికి బయల్దేరాను. వేగం పెరిగింది. వేగం తగ్గాలంటే స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనకవి విడదియ్యాలి. దాన్ని ఇక్కడ పిల్లలకి పిజ్జా ముక్క అని నేర్పుతారు. వెనక నుంచి మావాడు, "నాన్నా, పిజ్జా! పిజ్జా!" అని అరుస్తున్నాడు. బెంచీ మీద కూర్చున్న అత్తగారు, "పిల్లాడికి ఆకలేస్తోందే" అని సంచిలోంచి పులిహోర డబ్బా తీశారు.

నేను పిజ్జా చేశాను. టక్. ఎడమ స్కీ ఊడింది. నేను పడలేదు, ఎవరినీ గుద్దలేదు. అది తన దారిన నన్ను వదిలేసి ఆగిపోయింది, నేను ఒంటికాలి మీద ఇంకో పది గజాలు వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ తొడిగాను. మంచు దులిపి, మడమ నొక్కి, క్లిక్కుమనేదాకా. మళ్ళీ టక్, ఈసారి కుడిది. వాలులో నాతోపాటు బయల్దేరిన అయిదేళ్ళ పిల్లలు రెండో చుట్టుకి వచ్చి నన్ను చుట్టి వెళ్ళారు. మూడోసారి, నాలుగోసారి. ఊడిన ప్రతిసారీ ఒక జర్మన్ ఆయన నా స్కీ ఏరి తెచ్చిచ్చి "బిట్టె" (ఇదిగోండి) అనేవాడు. అయిదోసారి ఏమీ అనలేదు.

స్కీయింగు నేర్పే అమ్మాయి వచ్చి వంగి, బైండింగ్ మీద చిన్న కిటికీలో ఉన్న అంకె చూసింది. నన్ను చూసింది. "మీ బరువెంత?"

"సుమారుగా..." అంటున్నాను.

"ఆఖ్ట్ ఉంట్ ఆఖ్ట్‌సిష్!" అని మావాడు ఎలుగెత్తి చెప్పాడు. బాత్రూములో తూకం మిషను ఎక్కేది నేనైతే అంకె చదివేది వాడు. అది లోయ కాబట్టి ఇంకోసారి కూడా వినపడిందేమోనని నా అనుమానం. అత్తగారికి జర్మన్ రాదు. కానీ వాడు మర్యాద తెలిసిన పిల్లాడు, అమ్మమ్మ వైపు తిరిగి, "ఎనభై ఎనిమిది, అమ్మమ్మా" అని తెలుగులో కూడా చెప్పాడు.

దుకాణం కుర్రాడు మరని స్క్రూ డ్రైవరుతో తిప్పాడు. ఆరు సెకన్లు పట్టింది. ఆ తరవాత స్కీలు ఊడలేదు. అంటే, పడ్డప్పుడు నేనూ అవీ కలిసే పడ్డాం.

సాయంత్రం స్నానశాలకి. ఆరుబయట కొలనులో మెడదాకా వేడినీళ్ళు, తల మీద సన్నగా మంచు రాలుతోంది, జుట్టు గట్టిపడుతోంది, చుట్టూ ఆవిరి. మామగారు కళ్ళు మూసుకుని, బదరీనాథ్‌లో తప్తకుండం తరవాత ఇంత హాయి ఎరగనన్నారు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదారి ఇసక తవ్వి పెట్టుకున్న వేణ్ణీళ్ళ గుంటలూ తలుచుకున్నారు. మా ఆవిడ ఎర్ర గడి వేసింది గానీ, ఈ కంగారులో నేను టికెట్లు అన్నీ కలిపినవే కొన్నాను. చేతికి కట్టిన పట్టీతో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. "ఇంకా వేడి చోటు ఉందేమో చూసొస్తా" అని ఆయన ఎప్పుడు లేచారో నేను చూడలేదు. చూసేసరికి గాజు తలుపు ఆయన వెనక మూసుకుంటోంది.

నిమిషం కూడా కాలేదు. తిరిగొచ్చి, మాట్లాడకుండా, గడ్డందాకా నీళ్ళలో మునిగి కూర్చున్నారు. చాలాసేపటికి, "లోపల జనం స్నానాల్లో ఉన్నారు బాబూ. మళ్ళీ ఎప్పుడైనా వెళ్దాం" అన్నారు.

రాత్రి భోజనాల దగ్గర నేను తలవంచుకుని తింటున్నాను. అత్తగారు చారు పోస్తూ, ఎవరితోనో అంటున్నట్టు, "ఆ బూట్లే చెరో పది కిలోలున్నాయి. వాటితో కలిపి తూచుంటారు. మనిషి ఏడీ అందులో?" అని, ఇంకో గరిటె అన్నం వడ్డించారు.

మర్నాడు మా ఆవిడ కూడా నేర్చుకుంటానంది. దుకాణంలో ఆ కుర్రాడు చెవి వెనక పెన్సిలు తీసి, ఈసారి నా వైపు చూస్తూనే, ఆమెని బరువెంత అని అడిగాడు. "ఏవండీ" అంది మా ఆవిడ (వాళ్ళమ్మా నాన్నా ఉంటేనే నేను ఏవండీని), "మీరందరూ కాస్త బయట నించోండి." బయట మైనస్ ఏడు. నలుగురం నించున్నాం. ఆ కాగితం మీద ఏం రాసిందో నాకు ఈ రోజుకీ తెలీదు, అడిగే ధైర్యమూ లేదు. ఆమె స్కీ మాత్రం మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఉత్తినే ఊడలేదు.