బాణం అటెందుకు అని అడిగితే కూర్చోబెట్టేస్తారా?

ఒళ్లు మండిపోతోంది. మా మేనల్లుడు ఇంటర్ సెకండియర్. ఇవాళ క్లాసులో లేచి, "సార్, ఎలక్ట్రాన్లు మైనస్ నుంచి ప్లస్‌కి పోతాయి కదా, మరి సర్క్యూట్ బొమ్మలో కరెంటు బాణం ప్లస్ నుంచి మైనస్‌కి ఎందుకు గీస్తాం?" అని అడిగాడట. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నారట. క్లాసంతా నవ్విందట. వాడి టెస్ట్ పేపర్ తీసి చూశాను. సర్క్యూట్ చక్కగా గీసి, బాణం తిప్పి పెట్టి, పక్కనే చిన్న అక్షరాలతో "ఎలక్ట్రాన్ల దిశ" అని రాశాడు. ఆ అక్షరాల మీదుగా కాగితం చిరిగేలా ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు!

జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందండీ? ప్లస్, మైనస్ అని 1747లో పేర్లు పెట్టింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. తీగలో ఏది కదులుతుందో తెలుసుకునే దారి ఆయనకి లేదు, ప్లస్ నుంచి మైనస్‌కి పోతుందనే అనుకున్నారు. జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనిపెట్టేసరికి 1897. అప్పటికే సూత్రాలన్నీ ప్లస్ నుంచి మైనస్ అనే లెక్కతో స్థిరపడ్డాయి. మైనస్ చార్జి అటు పోయినా, ప్లస్ చార్జి ఇటు వచ్చినా లెక్క ఒకటే కాబట్టి మార్చాల్సిన అవసరమూ రాలేదు. ఉప్పునీళ్లలో అయితే రెండూ కదులుతాయి. ప్లస్ చార్జి ఉన్న సోడియం అయాన్లు (చార్జి ఉన్న కణాలు) మైనస్ కడ్డీ వైపు, మైనస్ చార్జి ఉన్న క్లోరైడ్ అయాన్లు ప్లస్ కడ్డీ వైపు. అక్కడ బాణం ఎవరి వెంట గీస్తారు? అందుకే అందరూ ఒప్పుకున్న ఒక దిశ కావాలి. ఈ నాలుగు ముక్కలు చెబితే పిల్లాడు జన్మలో మర్చిపోడు.

చెప్పకపోతే పోనీ, చూపించొచ్చుగా? ఒక సెల్లు, కరెంటుని తగ్గించి పెంచే ఒక రియోస్టాట్, కరెంటుని కొలిచే ఒక అమ్మీటర్, నాలుగు వైర్లు. అమ్మీటర్‌ని తిప్పి కలిపితే ముల్లు సున్నాకి వెనక్కి పోయి కొట్టుకుంటుంది. దిశ అంటే ఏమిటో కళ్ల ముందే ఉంటుంది. కానీ వాడు ఇంతవరకు అమ్మీటర్ ముట్టుకోలేదు. ల్యాబ్‌కి ఎప్పుడు చూసినా తాళమేనట.

మా రోజుల్లోనూ ఇదే దౌర్భాగ్యం. సీనియర్ల ల్యాబ్ రికార్డు చేతికిచ్చి, రీడింగులతో సహా దింపమన్నారు. తీగ నిరోధాన్ని కొలిచే మీటర్ బ్రిడ్జి మొదటిసారి చూసింది ప్రాక్టికల్స్ రోజునే. 30కి 30 వేశారు. ఆ మార్కులు చూస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. చేతులతో నేర్చుకోవాల్సిన వయసు తిరిగి ఎవరిస్తారు?

రేపు అక్కతో కలిసి కాలేజీకి వెళ్తున్నా. ల్యాబ్ ఫీజు రసీదు పట్టుకునే వెళ్తా, తాళం తీయమని అడుగుతా. మీరూ మీ పిల్లల కాలేజీల్లో అడగండి.