పదమూడో రోజు తర్వాత

మా అమ్మ పోయిన పదమూడో రోజు సాయంత్రం, అమ్మను చూసుకోవడానికి మేం పెట్టుకున్న పెద్దక్క చేతిలో 50 వేలు, రెండు చీరలు పెట్టాను. రెండు రోజుల్లో మెల్‌బోర్న్ విమానం. ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో మా సీతాఫల్‌మండి ఫ్లాట్‌లోనే ఉండి అమ్మకు స్నానం చేయించి, షుగర్ చూసి, రాత్రిళ్లు మంచం పక్కన చాప వేసుకుని పడుకున్న మనిషి. ఎక్కడికి వెళ్తావని అడిగితే "నా బిడ్డ దగ్గరికి పోత" అంది. హమ్మయ్య అనుకున్నాను. సూర్యాపేటలో ఆ కూతురి కాపురం ఒక్క గదిలోనని నాకు తెలుసు. తెలిసి కూడా మరో ప్రశ్న వేయలేదు. ఆ ఏడే ఫ్లాట్ అమ్మేశాం.

మొన్న డిసెంబర్‌లో ఆమెను మళ్లీ చూశాను, నగరంలో ఒక మహిళల నైట్ షెల్టర్‌లో. కూతురింట్లో నాలుగు నెలలు, ఇంకో ఇంట్లో ముసలాయనను చూసుకుంటూ ఏడాది, ఆయన పోయాక సికింద్రాబాద్ స్టేషన్ బయట కొన్ని రాత్రులు, ఆ తర్వాత ఇక్కడ. ఆధార్ కార్డును పాలిథిన్ కవర్లో చుట్టి రవికలో దాచుకుంది. తీసి చూపించింది. దాని మీద ఇప్పటికీ మా ఫ్లాట్ అడ్రసే ఉంది.

మెల్‌బోర్న్‌లోని మన తెలుగు సంఘం ఏటా హైదరాబాద్ వృద్ధాశ్రమాలకు చందాలు పంపుతుంది. పంపొద్దని నేననను. కానీ నగరంలో ఒంటరి ముసలావిడ రోడ్డున పడే దారుల్లో ఒకటి మన ఇళ్ల గుమ్మం నుంచే మొదలవుతోంది. అమ్మానాన్నలకు మనిషిని పెడతాం, వాళ్లు పోగానే ఫ్లాట్‌కు తాళం వేస్తాం. ఆ తాళంతో ఆ మనిషికి కొలువు, కప్పు రెండూ ఒక్కరోజే పోతాయి.

సొంత ఆస్తి ఏమీ లేదా అని అడుగుతారు. పెద్దక్క తండ్రికి రెండెకరాలుండేది. ఉమ్మడి ఆస్తిలో హిందూ ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. ఆమె పెళ్లి 1979లో. 2005లో కేంద్రం చట్టం మార్చి ఆ తేడా తీసేసేనాటికి అన్నదమ్ములు పంచుకోవడం, అమ్ముకోవడం కూడా అయిపోయాయి. ఇప్పుడు అరవై దాటిన ఆడవాళ్లలో ఎంతమంది ఇలా మిగిలిపోయారో మీ ఇంట్లో మేనత్తలను అడిగితే తెలుస్తుంది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది, నెలకు 10 వేల వరకు భరణం ఇప్పించొచ్చు. కానీ ఇవ్వడానికి పిల్లల దగ్గర ఉండాలిగా.

మెల్‌బోర్న్‌లో ఉన్న మనకూ ఇది కొత్త సంగతేం కాదు. ఆస్ట్రేలియాలో 2011, 2016 జనగణనల మధ్య ఇల్లు లేని 55 దాటిన ఆడవాళ్లు 31 శాతం పెరిగారు. సగం జీవితం ఇంటి చాకిరీలో గడిచినవాళ్లకు సూపర్‌లో, అంటే ఉద్యోగం చేస్తేనే జమయ్యే రిటైర్మెంట్ నిధిలో, ఏం మిగులుతుంది?

షెల్టర్ల విలువ తగ్గించి మాట్లాడను. లక్ష జనాభాకు ఒక్కటైనా, 24 గంటలూ తెరిచి ఉండేది ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అలాంటిది దొరకడమే ఆమెకు ప్రాణం నిలిపింది. పగలు 5 రూపాయల భోజనం. ఏం కావాలని అడిగితే ఆమె మంచం అడగలేదు, డబ్బు అడగలేదు. "పచ్చిపులుసు చేసుకొని ఎన్నొద్దులైందో బిడ్డా" అంది. పొయ్యి కావాలి. పొయ్యి పెట్టుకోవాలంటే గది కావాలి.

వారాసిగూడ, చిలకలగూడ, మెట్టుగూడ గల్లీల్లో ఇద్దరం తొమ్మిది రోజులు తిరిగాం. అద్దె నేను కడతానన్నా గది దొరకలేదు. డబ్బు ఉంటే చాలనుకున్న నా ఎన్నారై బుర్రకు అప్పుడు అర్థమైంది, అక్కడ అడ్డం చావు. ఒకాయన చాలా మర్యాదగా కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు: "ఈవిడకేమన్నా అయితే ఎవరొస్తారమ్మా? ధనిష్ఠ పంచకంలో పోయిందనుకోండి, ఆర్నెల్లు ఇల్లు మూసుకోవాలి. మాకూ పిల్లలున్నారు." ఇదంతా పెద్దక్క పక్కనే కూర్చుని వింటోంది. ఆయన్ను తిట్టబుద్ధి కాలేదు. మా అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు కింది ఫ్లాట్ వాళ్లు అద్దెవాళ్ల గురించి సరిగ్గా ఇవే మాటలంటే మేమూ తలూపాం.

చివరికి దొరికిన గదికి అద్దె 4,500. ఆమెకు ఆసరా పింఛను 2,016 వస్తుంది, అదీ ఊళ్లో. దాని కోసం నెలనెలా ఉచిత బస్సులో వెళ్లొస్తుంది. అగ్రిమెంట్ నా పేరు మీద రాయించాం. ఎప్పుడు ఫోన్ చేసినా వస్తానని పద్మారావునగర్‌లోని మా తమ్ముడు నంబర్ ఇచ్చాడు. ఓనర్ ఇంకో తెల్లకాగితం తెచ్చాడు. జరగరానిది జరిగితే ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికే తీసుకెళ్తామని, శవాన్ని ఇంటికి తీసుకురామని. సంతకం పెట్టాను. ఇది రాస్తున్నప్పుడూ సిగ్గుగానే ఉంది. కానీ ఆ సంతకం లేకపోతే తాళంచెవి లేదు.

అందుకే సంఘాన్ని నేను అడిగేది ఇంకో ఆశ్రమం, ఇంకో గ్రానైట్ పలక కాదు. హైదరాబాద్‌లో జీతమిచ్చి ఒక మనిషిని పెడదాం. ఓనర్లు ఫోన్ చేస్తే వెళ్లాలి, ఆధార్‌లో అడ్రస్ మార్పించాలి, జ్వరమొస్తే గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పోతే దగ్గరుండి దహనం చేయించాలి. అగ్రిమెంట్ సంఘం పేరు మీద ఉండాలి. అద్దెలో పింఛనుకు మించిన భాగం మనది. ఇక మనలో ఎవరి ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నా, ఫ్లాట్ అమ్మిన డబ్బులోంచి రెండేళ్ల అద్దె ముందే పక్కన పెట్టాలి. చీరలు తర్వాత.

ఏటా ఎంతవుతుందో కోశాధికారి గారు లెక్కేస్తారు. మన వార్షికోత్సవం స్టేజీ లైట్ల ఖర్చు దాటదని నా అంచనా.

గది చూసిన రోజు పెద్దక్క గోడలు చూడలేదు, కిటికీ చూడలేదు. "తాళంచెవి నా దగ్గర్నే ఉంటదా?" అని రెండుసార్లు అడిగింది. ఇప్పుడది ఆమె కొంగుకే ఉంటుంది, వీడియో కాల్‌లో గలగలమంటుంది.

ఆమె గదికి పైనున్న గది ఈ నెలాఖరుకు ఖాళీ అవుతుందని ఓనర్ నిన్న ఫోన్ చేశాడు. షెల్టర్‌లో పెద్దక్క పక్క పరుపు మీద పడుకునే ఆవిడ ఇంకా అక్కడే ఉంది. అద్దె 4,500, అడ్వాన్స్ రెండు నెలలు, తెల్లకాగితం మామూలే.