నేర్పి తెచ్చిన సాక్షి: రామచంద్రన్ పటానికి వచ్చిన చిక్కు

భౌతిక శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ పేరు మన పత్రికల్లో వచ్చినప్పుడల్లా ఆయనకు నోబెల్ దక్కలేదన్న విచారమే ముందుంటుంది. ఆ విచారం న్యాయమైనదే. కానీ ప్రోటీన్ గొలుసు ఎలా వంగగలదో, ఎలా వంగలేదో చూపుతూ ఆయన గీసిన పటాన్ని ఇప్పుడు ఎలా వాడుతున్నారన్న ప్రశ్న మాత్రం దాని చాటున మరుగున పడిపోతోంది.

1952లో మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చిన రామచంద్రన్, అక్కడి కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ నుంచి తోలులో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను తెప్పించుకుని, ఆ ప్రోటీన్ మూడు పేటలుగా మెలిపడి ఉంటుందని గోపీనాథ్ కర్తాతో కలిసి 1954-55లో ప్రతిపాదించారు. ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయని శాస్త్రవేత్తలు ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఆక్షేపించారు. అసలు ఎంత దగ్గరైతే 'ఉండకూడనంత' అనాలి? అప్పటిదాకా ప్రచురితమైన స్ఫటిక నిర్మాణాలను గాలించి, తమలో తమకు బంధం లేని రెండు పరమాణువులు నిజంగా ఎంత చేరువకు రాగలవో మద్రాసు బృందం పట్టిక వేసింది. రెండు కార్బన్ల మధ్య మామూలుగా 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లో వంతు), మరీ తప్పకపోతే 3.0, రెండు హైడ్రోజన్ల మధ్య 2.0, తప్పకపోతే 1.9.

సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఆయన ప్రచురించిన పటం ఈ పట్టికలోంచే పుట్టింది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. వాటిని కలిపే పెప్టైడ్ బంధం బల్లపరుపుగా ఉండి తిరగదు కనుక, ప్రతి అమైనో ఆమ్లం దగ్గర గొలుసు వెన్నెముక రెండే చోట్ల తిరగగలదు. ఆ రెండు కోణాలకు ఫై, సై అని పేర్లు. పటంలో ఒక్కో అమైనో ఆమ్లం కోణాల జత ఒక్కో చుక్క అవుతుంది. ప్రతి కోణాల జతకూ పరమాణువులు ఢీకొంటాయా లేదా అని లెక్కకట్టి చూస్తే, కాగితంలో మూడొంతులకు పైగా నిషిద్ధ ప్రాంతమని తేలింది. పక్క గొలుసుగా ఒక్క హైడ్రోజనే ఉన్న గ్లైసీన్ అనే అమైనో ఆమ్లానికి మాత్రం చాలా వెసులుబాటు దొరికింది. అప్పటికి విడివడిన ప్రోటీన్ నిర్మాణాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంటే ఈ పటం ప్రోటీన్లను చూసి గీసినది కాదు; చిన్న అణువుల కొలతల నుంచి లెక్కతో రాబట్టినది. దాని విలువంతా ఈ స్వతంత్రతలోనే ఉందని నా అభిప్రాయం.

స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి అణువుల నిర్మాణాన్ని తేల్చే ఎక్స్-కిరణ స్ఫటికశాస్త్రంలో దాన్ని తనిఖీకి వాడిందీ అందుకే. ఆ ప్రయోగంలో మసకగా కనిపించే ఎలక్ట్రాన్ సాంద్రత చిత్రంలో గొలుసును అమర్చేటప్పుడు ప్రోగ్రాములు ఫై, సై కోణాలను ఫలానా చోట ఉండాలని పట్టుబట్టేవి కావు. కనుక ఎక్కడైనా గొలుసును తప్పుగా అమరిస్తే, ఆ చుక్కలు నిషిద్ధ ప్రాంతంలో పడి గుట్టు బయటపెట్టేవి.

ఇప్పుడు పరిస్థితి మారింది. ప్రోటీన్లను గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చిత్రించే క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో స్పష్టత 3.5, 4 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఆగిపోయినప్పుడు (ఈ అంకె ఎంత తక్కువైతే చిత్రం అంత స్పష్టం) వెన్నెముక వంపులు సరిగా కనబడవు. అందుచేత చుక్కలన్నిటినీ అనుమతించిన ప్రాంతాల్లోకి నెట్టమని ప్రోగ్రాముకు ముందే చెబుతున్నారు. తర్వాత నివేదికలో నిషిద్ధ చుక్కలు సున్నా అని చూపుతున్నారు. ఇది సాక్షికి చెప్పవలసినదంతా నేర్పి బోనెక్కించి, ఆ వాంగ్మూలాన్నే రుజువుగా చూపడం లాంటిది. 1997లో ప్రతిపాదించిన రామా-జెడ్ సూచికను 2020లో మళ్లీ ముందుకు తెచ్చింది ఈ చిక్కు వల్లనే. చుక్కలు గీత లోపల ఉన్నాయా అని కాక, నిజమైన ప్రోటీన్లలో లాగే గుమికూడాయా అని అది చూస్తుంది. ఒక్క నిషిద్ధ చుక్కా లేని నిర్మాణం కూడా ఈ పరీక్షలో తప్పవచ్చు.

2024 రసాయన నోబెల్‌లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వాటా తెచ్చిన ఆల్ఫాఫోల్డ్, అంటే ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే కృత్రిమ మేధ ప్రోగ్రాము విషయం వేరు. అది తెలిసిన నిర్మాణాలను చూసి నేర్చుకుంది కనుక, తనకు గట్టి నమ్మకమున్న భాగాల్లో పటాన్ని దాదాపు తప్పదు. నమ్మకం తక్కువైన చోట మాత్రం గొలుసు ముళ్లతీగలా చెల్లాచెదురై, కోణాలు ఎక్కడెక్కడో పడతాయి. 20 కోట్లకు పైబడిన ఆ ఊహల భాండాగారంలో నన్నడిగితే ఆ చెల్లాచెదురే నిజాయితీ గల భాగం. దాన్ని నున్నగా సవరించి పెడితే చదివేవాడు మోసపోతాడు.

మరోవైపు, నిషిద్ధ ప్రాంతంలో పడ్డ ప్రతి చుక్కా తప్పూ కాదు. కొవ్వులను విడగొట్టే లైపేజ్‌ల వంటి అనేక ఎంజైముల్లో చర్యకు కేంద్రమైన సెరీన్ అనే అమైనో ఆమ్లం, పదునైన మలుపులో ఇరుక్కుని, సాధారణంగా కుదరని కోణాల్లోనే కూర్చుంటుంది. పటంతో సరిపెట్టడానికి దాన్ని బలవంతంగా జరిపితే, పోయేది సరిగ్గా ఆ ఎంజైము పనిచేసే చోటు వివరమే. అందుకని ఏ నిర్మాణాన్ని ప్రచురించినా ఫై, సై కోణాలను ప్రోగ్రాముతో బిగించారో లేదో నిషిద్ధ చుక్కల లెక్క పక్కనే రాయాలని, ఒకవేళ బిగించి ఉంటే ఆ లెక్కను నాణ్యతకు ఆధారంగా సమీక్షకులు ఒప్పుకోకూడదని పరిశోధన పత్రికలు నియమం పెట్టాలి.