మన నెమ్మది కోసం పరుగెత్తుతున్నదెవరు?

ఈ మధ్య నెమ్మదిగా బతకడం గురించి సలహా ఇవ్వని వాళ్లు కనిపించడం లేదు. తెల్లవారుజామున లేచి గంటసేపు ఫోను ముట్టుకోకుండా కూర్చోమని ఒకరంటారు. శనివారం వికారాబాద్ వైపు ఏదైనా రిసార్టుకు వెళ్లి సిగ్నల్ అందని చోట పడుకోమని ఇంకొకరంటారు. ఇవన్నీ పనికిరావని నేను అనను, వీలున్న వాళ్లు చేసుకోవచ్చు. నా పేచీ వేరే చోట ఉంది. ఈ సలహాలన్నింటిలోనూ నెమ్మది అనేది ఒక మనిషి తన కోసం తాను సంపాదించుకునే సొత్తుగానే కనిపిస్తుంది తప్ప, ఆ మనిషి కళ్లు మూసుకుని కూర్చున్న గంటలో అతని పనులు ఎవరు చేస్తున్నారు, ఎంత హడావిడిగా చేస్తున్నారు అన్న ప్రశ్న ఎక్కడా రాదు. నిదానంగా బతకడం నేర్చుకోదలచిన వారు ముందుగా నేర్చుకోవలసింది పక్కవారిని తొందరపెట్టకుండా ఉండడమని నా అభిప్రాయం, మిగిలిన ధ్యానాలూ యోగాలూ ఆ తరువాతి సంగతి.

పది నిమిషాల డెలివరీనే తీసుకోండి. 2021 ప్రాంతంలో మన నగరాల్లో మొదలైన ఈ వ్యాపారం నాలుగైదేళ్లలోనే మనకు ఎంత అలవాటైందంటే, పోపు వేశాక కరివేపాకు లేదని గుర్తొచ్చినా స్టవ్ తగ్గించి ఫోను తీస్తున్నాం. ఆ ఆర్డరు వెళ్లేది కాస్త దూరంలో, కొనుగోలుదారులకు ప్రవేశం లేని ఒక గోదాముకు. అక్కడ ఒకరు అరల మధ్య గబగబా నడిచి సరుకు ఏరి సంచిలో వేస్తారు, ఇంకొకరు ఆ సంచి పట్టుకుని బండి తీస్తారు. వేగమంతా గోదాము దగ్గరగా ఉండడం వల్లే వస్తోందని, రైడరుకు గడియారమేదీ చూపించడం లేదని కంపెనీలు చెబుతాయి. చూపించకపోవచ్చు, కానీ ఒక్కో ఆర్డరుకు ఇంత అని లెక్కగట్టి డబ్బులిచ్చే చోట మనిషికి వేరే గడియారం అవసరమా? లిఫ్టు దగ్గర అతను నిలబడే తీరును ఒకసారి గమనించండి. మీట నొక్కి, అంకె మారేలోగా ఇంకోసారి నొక్కి, అది ఎనిమిదో అంతస్తులో ఆగిందని తెలియగానే మెట్ల వైపు తిరుగుతాడు. హెల్మెట్ తీయడు, ఎందుకంటే మళ్లీ పెట్టుకోవాలి. మనం తలుపు తీసి ‘థాంక్స్ అమ్మా’ అనేసరికి అతను సగం మెట్లు దిగిపోయి ఉంటాడు. (కొన్ని అపార్టుమెంట్లలో అతన్ని మామూలు లిఫ్టు ఎక్కనివ్వరు. తొందరగా రావాలి, కానీ మనతో పాటు రాకూడదు. దాని గురించి ఇంకో రోజు రాస్తాను.) 2025 డిసెంబరు 31న డెలివరీ పనివారు సమ్మెకు దిగినప్పుడు ఈ పది నిమిషాల పద్ధతిని ఎత్తివేయాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. ఆ తరువాత కొద్ది వారాలకే ఈ వ్యాపారంలోని కంపెనీల్లో ఒకటైన బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి ఆ పది నిమిషాల మాటను తొలగించింది. మాట పోయింది గానీ మన అలవాటు పోలేదు, బండి పన్నెండో నిమిషానికి రాకపోతే మ్యాపు తెరిచి ఆ చిన్న బొమ్మ ఏ మలుపు దగ్గర ఆగిందా అని చూస్తూనే ఉన్నాం.

ఇంత చెప్పగానే ‘అందుకే వెనకటి రోజులే నయం, పల్లెల్లో జీవితం ఎంత తాపీగా సాగేదో’ అనేవారు తప్పకుండా వస్తారు. వారితో నాకు ఇంకా పెద్ద తగాదా ఉంది. పల్లెలో తాపీగా ఉన్నది ఎవరు? వీధి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన పెద్దాయన తాపీగానే ఉన్నాడు. అదే ఇంటి పెరట్లో చీకటితో లేచి కల్లాపి చల్లి, నూతిలోంచి నీళ్లు తోడి, తడిసిన పుల్లలతో పొయ్యి రాజుకోక గొట్టంతో ఊది ఊది కళ్లు మండించుకుని, రుబ్బురోలు ముందు కూర్చుని, మధ్యలో ‘ఇంకో గ్లాసు కాఫీ’ అన్న కేక వినపడగానే పిండి చేతులు కడుక్కుని లేచిన మనిషికి ఆ తాపీ ఏ పూట దొరికింది? మగవారూ పిల్లలూ వచ్చినవారూ తిన్నాక ఆమె తినేది, అప్పటికి సాయంత్రం పనులు మొదలయ్యే వేళ అయ్యేది. పొలంలోనూ అంతే. డెల్టాలో కాలువకు నీళ్లు వదిలారంటే నారు ముదరక ముందే నాట్లు పడాలి, ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకున్న ఆడకూలీలు మోకాలి లోతు బురదలో వంచిన నడుము ఎత్తకుండా వెనక్కి నడుస్తూ నాటేవారు. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడినవారికి ఆ దృశ్యం ప్రశాంతంగానే కనిపించి ఉంటుంది. మనం ఇప్పుడు బెంగపడుతున్న ఆ పాత నిదానం అందరిదీ కాదు, అది కొందరికే దక్కింది, దాని ఖర్చు మిగిలినవారు భరించారు. అరుగు మీది పెద్దాయనకూ సోఫాలో కూర్చుని కరివేపాకు తెప్పించుకునే నాకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

తొందరపెట్టడం మనకు ఎంత సహజమైపోయిందో చూడాలంటే ఏదైనా పెళ్లిలో భోజనాల దగ్గర నిలబడితే చాలు. తినేవాడు ఇంకా చారు కలుపుకుంటూ ఉండగానే తరువాతి బంతివారు వచ్చి అతని కుర్చీ వీపు పట్టుకుని నిలబడతారు. ఎవరూ ఏమీ అనరు, కానీ వీపు వెనక నలుగురు ఊపిరి పీలుస్తుంటే పెరుగన్నం ఎవరికి సహిస్తుంది?

ఆఫీసుల సంగతి అందరికీ తెలిసిందే కనుక ఎక్కువ చెప్పను. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి గారు అన్నారు. 2025 జనవరిలో బయటికి వచ్చిన వీడియోలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్నారు, ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. నిజంగానే ఎవరైనా 90 గంటలు పనిచేస్తే వారి ఇంట్లో వంట, బట్టలు, పిల్లల బడి, ముసలివారి మందులు ఎవరి గంటల్లోంచి వస్తాయన్నది ఆ లెక్కలో ఉండదు. పని వేళలు దాటాక ఫోనుకు బదులివ్వకుండా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టంలో ఉంది. మన రెండు రాష్ట్రాలూ మాత్రం 2025లో రోజువారీ పనిగంటల హద్దును 10కి పెంచే దిక్కుకు నడిచాయి, తెలంగాణ ఉత్తర్వులో వారానికి 48 గంటల పరిమితి మిగలడమే కాస్త ఊరట. చట్టం వచ్చేదాకా ఆగకుండా పై స్థాయిలో ఉన్నవారు చేయగలిగింది ఒకటుంది. రాత్రి పదకొండు గంటలకు మెసేజ్ పెట్టి, కింద ‘తొందరేం లేదు, రేపు చూడండి’ అని రాయడం మానేయాలి. ఆ మాట చదివినవాడు అప్పుడే చదివాడు కదా, వాడి నిద్రలో సగం అప్పుడే పోయింది. రేపు చూడవలసినదాన్ని రేపే పంపవచ్చు.

ఇంట్లో ఇంకా సున్నితమైన తొందర ఒకటి ఉంది. వాట్సాప్‌లో గొంతు సందేశాలను రెట్టింపు వేగంతో వినే సదుపాయం 2021లో వచ్చింది. ఊళ్లో ఉన్న తల్లి నాలుగు నిమిషాలు మాట్లాడి పంపితే కొడుకు రెండు నిమిషాల్లో వినేస్తాడు. ఆవిడ ‘నాన్నా’ అని ఆగి, పక్కింటి విషయం చెప్పి, మళ్లీ ఆగి, మోకాలు నొప్పి గురించి చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంది. రెట్టింపు వేగంలో ఆ తటపటాయింపు వినిపించదు, విషయం మాత్రమే వినిపిస్తుంది, విషయం చూస్తే పక్కింటివారిది.

అన్నీ ఆలస్యంగానే జరగాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. 2005లో మన హైదరాబాదులోనే మొదలైన 108 అంబులెన్సు పరుగెత్తి తీరాలి, దానికి మనమంతా పక్కకు తప్పుకోవాలి. కానీ సిగ్నల్ దగ్గర అంకె ఐదుకు వచ్చేసరికే హారన్ మోగించేవారిలో ఎంతమంది దానికి దారి ఇస్తున్నారు? ప్రతి కరివేపాకు రెమ్మనూ అత్యవసరం చేసేశాక అసలైన అత్యవసరానికి రోడ్డు మీద చోటు మిగలదు.

మా ఇంట్లో ఇప్పుడు సరుకుల చీటీ మళ్లీ ఫ్రిజ్ మీదికి ఎక్కింది. అయిపోయినది దాని మీద రాయాలి, ఆదివారం రైతుబజారుకు వెళ్లినప్పుడు తేవాలి, మధ్యలో తెప్పించుకోవడం లేదు. ఉల్లిపాయలు లేని పూట ఉల్లిపాయలు లేని కూరే తింటున్నాం. గురువారం రాత్రి కాఫీ పొడి అయిపోయినప్పుడు మాత్రం ఇంట్లో పెద్ద చర్చే జరిగింది, కాఫీ పొడి అత్యవసరాల కిందికి వస్తుందా రాదా అన్న విషయంలో మా ఇద్దరికీ ఇంకా ఒప్పందం కుదరలేదు.