మ్యూనిక్‌లో గది: అద్దె అంకె ఒక్కటే చూడకండి

విదేశాల్లో చదువుకు వెళ్లేవాళ్లకు 'గది క్యాంపస్‌కు దగ్గరలోనే వెతకండి' అని ఇచ్చే సలహా జర్మనీలోని మ్యూనిక్‌కు నప్పదు. టీయూఎం (మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం) ఇంజనీరింగ్ విభాగాలు కొన్ని గార్షింగ్‌లో ఉన్నాయి, అది ఊరికి ఉత్తరాన యూ6 మెట్రో చివర. కాబట్టి యూ6 దారిలోని స్టేషన్లన్నీ చూడండి. బస్సు కలిసే ఇస్మానింగ్ లాంటి చిన్న ఊళ్లనూ వదలొద్దు.

ష్టుడీరెండెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి, సేవలు చూసే సంస్థ) హాస్టల్‌కు వీలైనంత ముందే దరఖాస్తు పెట్టండి, నిరీక్షణ సెమిస్టర్ల లెక్కన ఉంటుంది. అక్టోబరులో చదువు మొదలు గనక సెప్టెంబరులో అందరూ ఒక్కసారే ఎగబడతారు. ఆ రెండు మూడు నెలలకు 'స్విషెన్‌మీటె', అంటే ఊరెళ్లిన విద్యార్థి గదిని తాత్కాలికంగా తీసుకోవడం మేలు. కానీ ఒక్కటి ముందే అడగాలి: 'ఆన్‌మెల్డుంగ్', అంటే చిరునామా నమోదు, కుదురుతుందా? గదిలో చేరిన రెండు వారాల్లో ఇది చేయించాలి. దానికి ఇల్లిచ్చినవారి సంతకంతో ధ్రువపత్రం కావాలి. అది లేకపోతే పన్ను నంబరు, రెసిడెన్స్ పర్మిట్ పనులు ఇరుక్కుపోతాయి. చౌక గదులు చాలా వాటిలో కనిపించని లోపం ఇదే.

ప్రకటనలో 'కాల్ట్' అని ఉంటే హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలపలేదని అర్థం. పోల్చాల్సింది ఇవి కలిపిన 'వార్మ్' అద్దెనే. డిపాజిట్ చట్టప్రకారం 3 నెలల కాల్ట్ అద్దె మించకూడదు, దాన్ని 3 సమాన వాయిదాల్లో కట్టే హక్కూ ఉంది. గది చూడకుండా, ఒప్పందం లేకుండా 'తాళాలు కొరియర్‌లో పంపుతాను, డబ్బు వేయండి' అన్నవారికి ఒక్క యూరో కూడా పంపకండి. ఇండియా నుంచి వెతికేవాళ్లు ఇలాంటి మోసగాళ్లకు తేలిగ్గా దొరుకుతారు. అక్కడే ఉన్న తెలిసినవాళ్లను గది చూసి రమ్మనండి.