కరోనా లోన్లు మాఫీ కాలేదు: వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

మా వ్యాపారుల గ్రూపులో ఈ నెలలోనే మూడుసార్లు వచ్చింది ఆ మెసేజ్. అందులో ఉన్నది ఇదీ: మారటోరియం (కరోనా టైంలో వాయిదాలు ఆపుకోవడానికి ఇచ్చిన గడువు) వడ్డీని సుప్రీంకోర్టు కొట్టేసింది. కరోనా టైంలో ఇచ్చిన లోన్లకు గవర్నమెంటే గ్యారంటీ, కట్టకపోయినా బ్యాంకు ఏమీ చేయలేదు. వీధి వ్యాపారులకు ఇచ్చిన పది వేలు అప్పు కాదు, సాయం. ఆ పథకాలన్నీ అయిపోయాయి, ఇప్పుడు కట్టినా కొత్తగా వచ్చేదేమీ లేదు.

హనుమకొండలో చిన్న దుకాణాలకు లెక్కలు రాసే పని నాది. 2020 నుంచి ఈ లోన్ల కాగితాలు చాలా నా చేతుల మీదుగానే వెళ్లాయి. ఈ మాటలు నమ్మి నష్టపోయినవాళ్లను దగ్గర నుంచి చూశాను. అందుకే ఒక్కోదానికీ జవాబు రాస్తున్నాను.

"మారటోరియం వడ్డీ రద్దయింది." కాలేదు. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు ఇచ్చింది వాయిదాలకు గడువు మాత్రమే. మొదట మే నెలాఖరు దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా, మొత్తం ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంది. కోర్టులో గొడవ ముదిరాక, 2 కోట్ల లోపు రుణాలకు చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య ఉన్న తేడాను తానే భరిస్తానని 2020 అక్టోబరులో కేంద్రం చెప్పింది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు, ఆ ఆరు నెలలకు వడ్డీ మీద వడ్డీ ఎవరి దగ్గరా తీసుకోవద్దంది. అదే తీర్పులో మొత్తం వడ్డీ మాఫీ చేయడం కుదరదనీ చెప్పింది. మెసేజ్‌లో ఈ రెండో ముక్క లేదు.

ఆ తేడా ఎంతో లెక్క వేసి చూడండి. ట్రాలీ ఆటో మీద 3 లక్షల బాకీ, 12 శాతం వడ్డీ అనుకుందాం. ఆరు నెలలకు బారువడ్డీ 18,000. చక్రవడ్డీ అయితే 18,456. ఖాతాలో పడేది ఆ 456 రూపాయలే. మా దగ్గర ఆటో నడిపే తమ్ముడొకడు, ఆ డబ్బు పడ్డ రోజు "వడ్డీ వాపసు వచ్చిందన్నా" అని సంబరంగా ఫోన్ చేశాడు. అసలు వడ్డీ అలాగే ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"మారటోరియం తీసుకున్నవాళ్ల సిబిల్ (అప్పులు ఎలా కట్టామో చూపే స్కోరు) పాడైంది" అని ఇంకో మాట కూడా కలిపారు. అదీ తప్పే. గడువు వాడుకోవడాన్ని ఎగవేతగా చూపించకూడదని రిజర్వు బ్యాంకు అప్పుడే చెప్పింది. గడువు అయిపోయాక కూడా కట్టనివాళ్లకు వచ్చిన చిక్కు వేరు.

"గవర్నమెంటే గ్యారంటీ." ఇందులో సగం నిజముంది, అందుకే ప్రమాదం. 2020 మేలో చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన అత్యవసర రుణ పథకానికి కేంద్రం నూటికి నూరు శాతం గ్యారంటీ ఇచ్చింది. ఇచ్చింది బ్యాంకుకు, మనకు కాదు. చిట్టీ పాడుకున్నప్పుడు జామీను సంతకం పెట్టినాయన మన బదులు కట్టాడనుకోండి, మన బాకీ తీరిపోయినట్టా? బ్యాంకు గ్యారంటీ సొమ్ము తెచ్చుకున్నాక కూడా మన దగ్గర వసూలు చేసే పని ఆపదు. మూడు నెలలు వాయిదా తప్పితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది.

ఆ పథకం మీద కోపగించుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న బాకీలో 20 శాతం వరకే మొదట కొత్త అప్పు ఇచ్చారు. అంటే ఏనాడూ బ్యాంకు గడప తొక్కని ఇస్త్రీ బండి ఆయనకు, గల్లీలో టైలర్‌కు అందులో దక్కింది సున్నా. "చిన్నోళ్లకు ఏమీ రాలేదు" అని జనం అంటే, ఈ పథకం వరకు నేను కాదనను.

వీధి వ్యాపారుల కోసం వచ్చింది పీఎం స్వనిధి, 2020 జూన్‌లో. తాకట్టు లేకుండా 10,000, ఏడాదిలో తీర్చాలి. "అది అప్పు కాదు, సాయం" అన్న మాటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది. మా వీధి చివర మిర్చి బజ్జీల బండి అక్క ఏడు వాయిదాలు కట్టింది. ఈ మాట విని ఆపేసింది. మిగిలింది ఐదు వాయిదాలు, ఒక్కోటి 900 లోపే. తర్వాత బిడ్డ కాలేజీ ఫీజుకని రెండో విడత 20,000 అడగడానికి బ్యాంకుకు పోతే, "ఖాతా ఎన్‌పీఏలో ఉందమ్మా" అన్నారు. చేసేది లేక గిరిగిరి (రోజువారీ వసూలు చేసే ప్రైవేటు అప్పు) తీసుకుంది. పది వేలు రాసుకుని చేతికి 8,500 ఇచ్చారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేశారు. వంద రోజులకే 1,500 పోయింది. స్వనిధిలో 12 శాతం వడ్డీకి పది వేలు తీసుకుంటే ఏడాది మొత్తం వడ్డీ 700 లోపే. వాయిదాలు సరిగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ కింద అందులోంచి దాదాపు 400 వెనక్కి ఖాతాలో పడుతుంది. ఆ అక్కకు ఈ లెక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే అని ఇప్పటికీ బాధనిపిస్తుంది. నేనే చెప్పాల్సింది.

నిజంగా ఊరికే ఇచ్చినవీ ఉన్నాయి. తెలంగాణలో రేషన్ కార్డు కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం. ఏపీలో కుటుంబానికి 1,000. ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున మూడు నెలలు. వాటికి వాయిదా తేదీ లేదు. స్వనిధికి ఉంది.

"పథకాలన్నీ అయిపోయాయి." అత్యవసర రుణ పథకం 2023 మార్చితో ముగిసింది, నిజమే. స్వనిధి ముగియలేదు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దాన్ని 2030 మార్చి 31 దాకా పొడిగించి, మొదటి విడతను 15,000కు, రెండో విడతను 25,000కు పెంచింది. మూడోది 50,000. పాత విడత తీరిస్తేనే తర్వాతిది.

పోయిన నెల ఆ అక్కను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. స్టేట్‌మెంట్ తీయించి, మిగిలిన బాకీ కట్టి, ఇక బాకీ లేదనే నో డ్యూ కాగితం తీసుకున్నాం. నూనె మరకల పాస్‌బుక్‌లో దాన్ని మడిచి పెట్టుకుంది. పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా తరఫున మా వీధులు చూసే ఆర్పీ రెండో విడతకు దరఖాస్తు రాసుకుంది, జవాబు ఇంకా రావాలి. మీ ఖాతా కూడా ఇలాగే ఆగి ఉంటే ముందు స్టేట్‌మెంట్ అడగండి. దరఖాస్తుకు మున్సిపాలిటీలో గానీ ఆర్పీకి గానీ పైసా కట్టక్కర్లేదు. మెసేజ్ కింద ఉన్న "మాఫీ ఫారం" లింకులో ఆధార్ నంబరు, ఓటీపీ ఇవ్వకండి.