గుండె ఆగింది, గురక ఆగలేదు

నాన్న రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయారు, అందులో ఒకసారి రైతుబజార్లో వంకాయల గుట్ట మీద. ఈసీజీ బాగుంది, రోజంతా గుండె చప్పుడు రాసుకునే హోల్టర్ మిషన్ 24 గంటలు కట్టినా ఏమీ దొరకలేదు. దొంగ ఎప్పుడొస్తాడో తెలియనప్పుడు కాపలా మనిషిని పెట్టుకోవాల్సిందే కదా, అలా ఎడమ ఛాతీ చర్మం కింద లూప్ రికార్డర్ అనే, గుండె లయని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే బుల్లి మిషన్ పెట్టారు. పొడవు 4.5 సెంటీమీటర్లు. అది రాసుకున్నదంతా రాత్రిపూట మంచం పక్కనుండే డబ్బా ఆస్పత్రికి చేరవేస్తుంది.

పెట్టిన వారానికే పొద్దున్నే నాకు ఫోన్. "రాత్రి 2:10కి మీ నాన్నగారి గుండె 5 సెకన్లు ఆగినట్టు వచ్చిందండీ."

నేను హైదరాబాద్‌లో, ఆయన రాజమండ్రిలో. వణికే చేతులతో ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, "పెసరట్టు మీదున్నాను, తర్వాత చెయ్యి" అని పెట్టేశారు.

అమ్మకి చేశాను. "రెండింటికా? చాల్లే! ఆ గురక భరించలేకే కదా దిండు పట్టుకుని హాల్లోకి వచ్చేశాను, గుండె ఆగిన మనిషి అంత గురక పెడతాడా?"

మర్నాడు ముగ్గురం డాక్టర్ ముందు కూర్చున్నాం. డాక్టర్ మొదట వేరే రికార్డు చూపించాడు, పిల్లలు గోడ మీద గీసినట్టు పిచ్చిగీతలు, మిషన్ లెక్కలో నిమిషానికి 200 పైన. "అప్పుడేం చేస్తున్నారు?" "విశ్రాంతి తీసుకుంటున్నా." "ఆవకాయ ముక్కలు కొడుతున్నారు" అంది అమ్మ. నాన్నది ఎడమచేతి వాటం, ఆ ఛాతీ కండరాల గోలనే మిషన్ గుండె చప్పుడనుకుంది.

తర్వాత నాన్నని పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే స్క్రీన్ మీద తాటిచెట్లంత గీతలు. ఎడమవైపు తిరగమంటే అవే గరికపోచలైపోయాయి. పక్కకి తిరిగితే ఛాతీలో గుండె కాస్త జరుగుతుందట, కొత్తగా పెట్టిన మిషన్ కూడా లోపల కొంచెం ఒరుగుతుందట, దాంతో సిగ్నల్ చిన్నబోతుంది. ఆ 5 సెకన్లలోనూ బుల్లి గీతలున్నాయి, మిషనే లెక్కపెట్టలేదు. కోతా కుట్టూ లేకుండా కంప్యూటర్లోనే సెట్టింగ్ మార్చేశాడు.

"ఎడమవైపే పడుకుంటారా?"

"లేదండీ, నాకు వెల్లకిలానే అలవాటు."

అమ్మ ఫ్యాన్ వైపు చూసింది. "గురక తగ్గుతుందని నేనే అటు తోశాను."

"అంటే 5 సెకన్లు నన్ను చంపింది నువ్వన్నమాట!"

"ఏం లాభం, గురక ఆగలేదుగా."